వెల తక్కువ కెమెరాను ఎంచుకొనుట



క్రిందటి సంక్రాంతికి ముందు రాజుపాలెము ప్రాంతమునుండి ఒక రైతుపెద్ద మా యింటికి వచ్చి, తువ్వాలలో మూటగట్టి తెచ్చిన వస్తువును బల్లమీద నుంచి, “ఇది పనికివచ్చునో రాదో చూడు నాయనా” అనెను. మూట విప్పగా అందులో జపాను దేశపు పాతకెమెరా యొకటి యుండెను. మనుమడు బెంగుళూరులో పాతసామానుల అంగడిలో కొని పంపెనట. డెబ్బది యేండ్లు దాటిన యీయనకు ఈ వయసున కెమెరా యేల యని నేను లోలోన అనుకొనుచుండగా ఆయనయే చెప్పెను: “మా యమ్మ పోయిననాడు దండ వేయుటకు ఇంట ఒక్క పటమైనను దొరకలేదు. ఆధారు కార్డుమీది గోరంత బొమ్మను పెద్దది చేయించితిమి. కండ్లు, ముక్కు అలికినట్లు కలిసిపోయి, అది మా యమ్మ యని మేము చెప్పినగాని ఎవరికిని తెలియదు. ఇప్పుడు మా యన్నకు ఎనుబదినాలుగు. ఆయన విషయమున మరల అట్లు కారాదు.”

ఈ మాట నాకు క్రొత్త కాదు. మన పల్లెలలో గోడలకు వ్రేలాడు పెద్దల పటములలో ఎన్నియో ఇట్లు గుర్తింపు కార్డులనుండి సాగదీసినవే. ఆనాడు ఆ కెమెరాను త్రిప్పి చూచుచు ఆయనకు చెప్పిన సంగతులనే నేడు కొంచెము విరివిగా మీకు చెప్పబూనితిని.

చేతిలో ఫోను ఉండగా కెమెరా యెందుకని మీలో కొందఱు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. ప్రత్తి ఆకునకు పట్టిన తెగులును వ్యవసాయాధికారికి చూపుటకు గాని, దూరదేశమున నున్న బిడ్డకు పండుగనాటి ముగ్గును పంపుటకు గాని ఫోనును మించినది లేదు. అందులకై ఫిలిము కెమెరా కొనువాడు డబ్బు దండుగ చేసికొనును. కాని ఫోను నీటబడిననాడు, పగిలిననాడు, పాతది యిచ్చి క్రొత్తది తెచ్చుకొన్ననాడు అందలి బొమ్మలు ఏమైపోవుచున్నవో మీ యిండ్లలో మీరే చూచియున్నారు. నెగటివు అట్లు కాదు. అది చేతికి దొరకు వస్తువు. పొలము దస్తావేజులు దాచిన పెట్టెలోనే ఒక కాగితపు సంచిలో పెట్టి తేమ తగులకుండ ఉంచినచో, మనుమల కాలమునకును నిలుచును. తెలుపునలుపు ఫిలిమునకు ఈ మన్నిక మఱింత హెచ్చు. మఱియొక లాభము: చుట్టకు ముప్పదియాఱు బొమ్మలే యుండుటచేత మనుష్యుని కూర్చుండబెట్టి, ముఖము నిదానముగా చూచి తీయుదుము.

ఫిలిము కెమెరాలు పలుతెఱగులు. ఒకప్పుడు మన దేశపు మధ్యతరగతి యిండ్లలో కనబడిన అగ్ఫా క్లిక్ త్రీ వంటివి మొదటి తెఱగు. వానిలో దూరము సరిచూచుకొను పని లేదు, వెలుతురును కొలుచు సాధనమును లేదు. ఎండలో నిలిచినవారి బొమ్మ వచ్చును. వసారాలో కూర్చున్న వారిది రాదు. రెండవ తెఱగు, కటకములోనుండియే చూచునట్లు లోపల అద్దమును అమర్చిన పెద్ద కెమెరాలు. ఇవి మంచివే, కాని బరువు, చప్పుడు ఎక్కువ. వీని నడుమ నున్నది రేంజిఫైండరు కెమెరా. పేరునకు తగినట్లు ఇది దూరమును కొలిచి చూపును. అందులోనే వెలుతురును కొలుచు మీటరు కూడ నున్నయెడల క్రొత్తవానికి సగము కష్టము తీఱును.

దూరమును అది యెట్లు కొలుచును? పూర్వము కరణములు పొలములను గొలుసుతో కొలిచెడివారు; కాని కొండకు కొండకు నడుమ గొలుసు పఱచుట సాధ్యము కాదు. 1802లో లాంబ్టన్ అను సర్వే అధికారి మద్రాసు చెంత ఒక నేలగీతను మాత్రము గొలుసుతో అతి జాగ్రత్తగా కొలిచి, దాని రెండు కొనలనుండి దూరపు గుర్తులు ఏ కోణమున కనబడుచున్నవో చూచి, దూరములను లెక్కగట్టెను. మన కెమెరాలోను అదే త్రిభుజపు లెక్క గలదు. ముందువైపున రెండు చిన్న కిటికీలుండును. వాని నడుమ నున్న కొద్ది అంగుళముల యెడమే నేలగీత. ఒక కిటికీలోని బొమ్మ నేరుగను, రెండవదానిలోనిది చిన్న అద్దముమీద తగిలియు వచ్చి, మన కంటియెదుట ఒకదానిపై నొకటి పడును. కటకపు చుట్టును త్రిప్పినకొలది ఆ రెండవ బొమ్మ ప్రక్కకు జరుగును. రెండు ముక్కులుగా కనబడిన మనుష్యుని ముక్కు ఒకటియైనప్పుడు దూరము కుదిరినదన్నమాట. ఇందు ఊహతో పని లేదు. శుక్లములు తీయించుకొని కంటద్దములు పెట్టుకొన్న పెద్దలు సయితము దీనిని సులువుగా చేయుట నేను చూచితిని.

దీని లోపములను కూడ ముందే చెప్పవలెను. మనము చూచు కిటికీ వేఱు, బొమ్మ పట్టు కటకము వేఱు. అందుచేత దగ్గఱనుండి తీసినప్పుడు మనకు కనబడిన తలపాగా బొమ్మలో కోయబడవచ్చును. కిటికీలో మెఱయు గీతలకు లోపలగా, పైన కొంత చోటు విడిచి చూచుకొనవలెను. ఈ కెమెరాలలో పెక్కింటికి సుమారు 80 సెంటీమీటర్లకంటె దగ్గఱకు పోవుటకు వీలు లేదు. కావున చెవికమ్మ పనితనమును బొమ్మలో నింపవలెనన్న ఇది తగదు. దూరపు కొమ్మమీది పక్షికిని తగదు. మూత తీయుట మఱచినను కిటికీలో లోకమంతయు తెల్లగా కనబడుచునే యుండును. చుట్ట కడిగిన పిమ్మట గాని మన మఱపు బయటపడదు. ఈ మఱపు ఎఱుగనివారు ఈ కెమెరా వాడినవారిలో లేరనుకొందును.

ఈ పద్ధతి పాతది. చిన్న ఫిలిమును వాడు లైకా కెమెరా జర్మనీలో 1925లో అంగడికి వచ్చెను. కటకముతో ముడిపడిన రేంజిఫైండరు దానికి 1932లో అమరెను. అదే దేశపు కాంటాక్స్ కెమెరా మూడవ రూపమునకు 1936లో వెలుతురు మీటరును పైననే అమర్చిరి. కాని ఇవి ధనవంతుల వస్తువులు. సామాన్యుని చేతికి అందునట్లు చేసినవారు జపాను వారు. 1961లో కానన్ సంస్థ కానొనెట్ అను కెమెరాను 18,800 యెన్నులకు విడువగా జనము విరుగబడి కొనిరి. మఱుసటి యేడు ఫిబ్రవరి 20వ తేదీన జాన్ గ్లెన్ భూమిని మూడుమార్లు చుట్టివచ్చినప్పుడు వెంట గొనిపోయిన కెమెరాలలో నొకటి ఫ్లోరిడాలో మందుల దుకాణమున సుమారు 40 డాలర్లకు ఆయన స్వయముగా కొన్నది. పైన ఆన్‌స్కో యను పేరున్నను అది జపానులో మినోల్టా వారు చేసిన హైమాటిక్ కెమెరాయే. రేంజిఫైండరు, వెలుతురు మీటరు రెండును గలది. అంతరిక్షమునకు చాలినది మన వసారాకు చాలకపోదు.

ఇక వెలుతురు మీటరు సంగతి. పాతకెమెరా కొనువారు మోసపోవునది ముఖ్యముగా ఇచ్చటనే గనుక కొంచెము నిదానింతును.

మొదటి జాతి మీటర్లలో సెలీనియము అను ధాతువు పూత యుండును. కటకము చుట్టునో, పైభాగముననో తేనెపట్టువలె గళ్లుగళ్లుగా కనబడు అద్దమే దాని గుర్తు. వెలుతురు తగులగానే అదియే స్వల్పముగా విద్యుత్తును పుట్టించి సూదిని కదల్చును. బాటరీ అక్కఱలేదు. వినుటకు ఎంతయో హాయి. కాని అఱువది యేండ్లు గడచిన తరువాత వీనిలో చాల మీటర్లు నీరసించినవి, కొన్ని పూర్తిగా మూగవోయినవి. చచ్చిన సెలీనియమును బ్రదికించుట పల్లెలో జరుగు పని కాదు. మీటరు సజీవముగా నున్నదని కంటితో చూచినగాని కొనరాదు.

రెండవ జాతివి కాడ్మియము సల్ఫైడు కన్ను గలవి. చిన్న శనగగింజంత గాజుకన్ను కటకపు అంచుననో, నుదుటనో ఉండును. వెలుతురు హెచ్చినకొలది తనగుండ విద్యుత్తును సులువుగా పోనిచ్చుట దీని స్వభావము. మసక వెలుతురును కూడ ఇది బాగుగా పసికట్టును. కాని దీనికి బాటరీ కావలెను, చిక్కంతయు అందులోనే యున్నది. నాటి కెమెరాలను పాదరసపు బాటరీకి సరిపడునట్లు చేసిరి. ఆ బాటరీ బలము 1.35 వోల్టులు, అయిపోవువఱకు తగ్గక, హెచ్చక ఒకే తీరున నిలుచును. పాదరసము విషమగుటచేత అమెరికాలో 1996నాటి చట్టము ఆ బాటరీల అమ్మకమును ఆపెను. పాదరసపు విషముచే జనులు నలిగిన జపాను పట్టణము మినమాటా పేర 2013లో దేశములు చేసికొన్న ఒప్పందము కూడ వానిని నిలుపజేయ నుద్దేశించెను. 2018లో మన దేశము దానిని అంగీకరించెను. కావున ఆ బాటరీ ఇక దొరకదు. దొరికినదని ఎవరైన అమ్మజూపినను కొనకుడు.

దాని చోట అంగళ్లలో దొరకు 1.5 వోల్టుల మామూలు బిళ్లను వేసినచో సూది కదలును గాని నిజము చెప్పదు. మొదట ఎక్కువ వెలుతురున్నట్లును, బాటరీ అరిగినకొలది మఱియొక తీరునను చూపును. దీనికి చక్కని ఉపాయము మన పెద్దల చెవిలోనే యున్నది! చెవిటి యంత్రములకు వాడు 675 సంఖ్య గల గాలి బాటరీ బలము 1.4 వోల్టులు. పాదరసపు దానికి ఇది మిక్కిలి దగ్గఱ. వెడల్పు తక్కువ గనుక చుట్టును కుళాయి వాషరు వంటి రబ్బరు ఉంగరమును తొడిగి కుదురుగా కూర్చుండబెట్టవలెను. పైనున్న అంటుకాగితము తీయగానే సన్నని రంధ్రములగుండ గాలి చొచ్చి అది పనిచేయ మొదలిడును. అటుపిమ్మట వాడినను వాడకున్నను కొలది వారములలో అయిపోవును. వెల తక్కువ గనుక బాధ లేదు. పని లేనప్పుడు ఏ బాటరీనైనను కెమెరాలో నుంచరాదు. కాఱిన బాటరీ ఇత్తడి రేకును పచ్చగా తినివేయును.

ఇప్పుడు ఏది కొనవలెను? లైకా ఎమ్ 6 అనునది 1984లో పుట్టినది. రేంజిఫైండరు, మీటరు రెండును గల మేలైన యంత్రము. కాని దాని వెల నేడు లక్షలలో పలుకును. ఒక జత యెద్దుల సొమ్ము దానిపై పెట్టుమని నేను చెప్పజాలను. వేలలో దొరకునవి జపాను వారు 1960, 1970ల నాటి దశాబ్దములలో చేసినవి.

మన దేశపు పాతసామానులలో కంటబడు వానిలో యాషికా ఎలెక్ట్రో 35 ఒకటి. 1966లో మొదలై, 1973లో జి.ఎస్.ఎన్. అను రూపమున వెలువడెను. కటకము 45 మిల్లీమీటర్లు, ఎఫ్ 1.7, అనగా వెడల్పుగా తెఱచుకొని మసక వెలుతురును సయితము గ్రహించును. రంధ్రపు వెడల్పును మనము చెప్పినచో, షట్టరు ఎంతసేపు తెఱువవలెనో యంత్రమే నిర్ణయించుకొనును. వెలుతురు మితిమీఱిన ఎఱ్ఱదీపము, చాలకున్న పచ్చనిపసుపు దీపము వెలుగును. దీనికి కావలసిన 5.6 వోల్టుల బాటరీకి బదులుగా నేటి 6 వోల్టుల బాటరీని ఒక గొట్టములో నమర్చి వేసినను లెక్క చెడదు. ఇది దాని గొప్ప గుణము. బాటరీ లేనిచో సెకనులో 500వ వంతు వేగమొక్కటే మిగులుట దాని దోషము. కొనునప్పుడు ఫిలిము మీట లాగి చెవియొగ్గి వినుడు. లోపల ‘టక్’ మను చిన్న చప్పుడు రావలెను. రానియెడల లోపలి రబ్బరు దిండు కుళ్లి, షట్టరు లెక్క తప్పియుండవచ్చును.

కానన్ వారి కానొనెట్ క్యూ.ఎల్. 17 జి త్రీ 1972 నాటిది. 40 మిల్లీమీటర్ల కటకము, అదియు ఎఫ్ 1.7. ఇందు షట్టరు వేగమును మనము నిర్ణయింపగా యంత్రము రంధ్రమును సరిచేయును. బాటరీ లేకున్నను అన్ని వేగములును పనిచేయును. అయితే మనమే రంధ్రమును నిర్ణయించునప్పుడు మీటరు నిద్రించును. ఒలింపస్ 35 ఆర్.సి. 1970 నాటిది, అఱచేత ఇమిడిపోవునంత చిన్నది, కటకము ఎఫ్ 2.8 మాత్రమే. పగటి వెలుతురునకు చాలును, గర్భాలయపు దీపమునకు చాలదు. 1966 నాటి మినోల్టా హైమాటిక్ 7 ఎస్ బరువైనది గాని గట్టిది. మన ఇష్టమునకును, యంత్రము ఇష్టమునకును రెండింటికిని లోబడును. కోనికా సి 35 అనునది అన్నియు తానే చేసికొనును. నేర్చుకొనగోరువారికి ఏమియు మిగల్చదు. రష్యా యేలుబడిలో కీవ్ నగరమున కాంటాక్సును పోల్చి చేసిన కీవ్ 4 అను కెమెరా సెలీనియపు మీటరుతో వచ్చును. చౌకయే, కాని వ్రేలు అలవాటుగా పోవుచోటనే దాని రేంజిఫైండరు కిటికీ యుండుటచే క్రొత్తవారు దానిని మూసివైచి, బొమ్మ కుదురలేదని కెమెరాను తిట్టుదురు. నన్నడిగిన, వసారాలోని వృద్ధుల ముఖములకు కానొనెట్టునో యాషికానో కోరుకొందును. ఎండలోనే తీయువారు ఒలింపసు కొన్నను తప్పులేదు. పేరుకంటె మనకు దొరికిన ఆ ఒక్క ప్రతి ఎట్లున్నదన్నదే ముఖ్యము. సంతలో ఎద్దు జాతిని అడిగి ఊరకుందుమా? పండ్లు చూతుము, నడిపించి చూతుము గదా.

కెమెరాను నడిపించి చూచుట ఇట్లు. దూరము చుట్టును కడకంట త్రిప్పి, మైలు దూరములోనున్న సెల్ టవరును చూడుడు. రెండు కమ్ములును ఒకటిగా కలియవలెను. పిమ్మట ఒక మీటరు, మూడు మీటర్లు టేపుతో కొలిచి నిలిపిన కఱ్ఱను చూడుడు. కలిసినప్పుడు చుట్టుమీది అంకె టేపు చెప్పినదే కావలెను. రెండవ బొమ్మ పైకో క్రిందికో తొలగియున్నచో బాగుచేయించుకొనవచ్చును. అది అసలే కనబడనిచో లోపలి అద్దపు పూత పోయినదన్నమాట, విడిచిపెట్టుడు. వెనుక తలుపు తెఱచి, షట్టరు తెఱచియుంచు ‘బి’ గుర్తుమీద నొక్కి పట్టి, కటకములోనికి టార్చి వేసి చూడుడు. సాలెగూటి పోగులవలె కనబడునది బూజు. కొలది ధూళి వలన నష్టము లేదు. బూజు పట్టిన కటకమును మాత్రము సగము వెలకైనను కొనరాదు. షట్టరు రేకులమీద నూనె మెఱుపు ఉన్నచో అవి అంటుకొనును. ఒక సెకను వేగమున్న కెమెరా నిజముగా ఒక సెకను తెఱచుకొనునో లేదో చెవితోనే తెలిసికొనవచ్చును. తలుపు అంచుల నల్లని స్పాంజి జిగటగా కాఱియుండుట సామాన్యము. దానిని గీకివైచి నల్లని ఉన్నిదారమును కూరిన సరి. దీనికై వెల తగ్గింపుమని అడుగవచ్చును గాని కెమెరాను వదలుకొననక్కఱలేదు.

మీటరును పరీక్షించుట మఱవరాదు. నేను మఱచితిని. చాల యేండ్ల క్రిందట ఒక నగరపు అంగడిలో, సూది కనబడుచున్నది గదా యని తృప్తిపడి, ఒక కెమెరా కొని, నేరుగా మా మేనమామగారి యూరికి పోయితిని. ఆయన పందిరి నీడలో మంచముమీద కూర్చుండి నాతో నవ్వుచు మాటలాడెను. చుట్టయంతయు తీసితిని. ఆ సూది అసలు కదలుట లేదనియు, ఎండలోని అంకెమీదనే బిగిసిపోయినదనియు నాకు తెలియదు. కడిగిన తరువాత నెగటివులు గాజురేకులవలె తేలిపోయినవి. మంచపు కోళ్లు, పందిరి సందుల ఎండమచ్చలు మాత్రము నిలిచినవి. ముఖమున్న చోట ఏమియు లేదు. మరల తీయవచ్చునని ఊరకుంటిని. ఆయన మరల దొరకలేదు. కావున సూదిని ఆకాశమువైపు, ఆపైన మీ చొక్కాజేబువైపు త్రిప్పి చూడుడు. లేచి, పడి, మరల లేవవలెను. ఆపైన మంచి ఎండలో ఒక లెక్క సరిచూచుకొనుడు. ఐ.ఎస్.ఓ. 100 గల ఫిలిమునకు, నడిపగటి నిండు ఎండలో, రంధ్రము ఎఫ్ 16, వేగము సెకనులో 125వ వంతు దరిదాపులకు మీటరు రావలెను. ఒక మెట్టు అటునిటు అయినను సహింపవచ్చును. రెండు మెట్లు తప్పినది మీటరు కాదు.

మీటరు మంచిదైనను మన ప్రాంతమున దానికి ఒక చిక్కు తగులును. ప్రపంచమంతయు బూడిదవన్నె యని అది నమ్మును. తనపై బడిన వెలుతురులో నూటికి సుమారు 18 పాళ్లు తిరిగి పంపు వస్తువే తనయెదుట నున్నదని లెక్కగట్టును. మన పెద్దలో, తెల్లని పంచె, తెల్లని చొక్కా, తెల్లని తలపాగా, వెనుక సున్నము కొట్టిన గోడ! ఇంత తెలుపును చూచి మీటరు బెదరి వెలుతురును తగ్గించును. పంచె బూడిదయగును, నల్లని ముఖము బొగ్గగును. నల్లరేగడి చేనిలో నిలిచినవానికి దీనికి విరుద్ధముగా జరుగును. నేల తేలి, ముఖము వెలవెలబోవును. దీనికి మందు సులువు. దగ్గఱకు పోయి ముఖముమీది వెలుతురునే కొలిచి, ఆ లెక్కతో వెనుకకు వచ్చి తీయుడు. యంత్రమే అన్నియు చేయు కెమెరాలలో ఫిలిము వేగపు చుట్టును 400నుండి 200కు మార్చినచో ఒక మెట్టు వెలుతురు అదనముగా వచ్చును. బొమ్మ తీసినవెంటనే మరల 400కు త్రిప్పుట మాత్రము మఱవకుడు. అన్నిటికంటె మేలు, పెద్దవారిని ఎండలో నిలుపక, వసారా అంచున ముఖము బయటివైపు త్రిప్పి కూర్చుండబెట్టుట. ఎండకు కండ్లు చిట్లించిన ముఖము ఆ మనుష్యుని నిజమైన ముఖము కాదు.

రాళ్లసంగతియు ఒక మాట చెప్పెదను. రేనాటి సీమ శాసనములకు పుట్టినిల్లు. ఎఱ్ఱగుంట్ల చెంత కలమళ్లలో సుమారు క్రీ.శ. 575 నాటి రేనాటి చోళ ధనంజయుని శాసనము తెలుగు శాసనములలో మొదటిదిగా ఎన్నబడుచున్నది. కర్నల్ మెకంజీ మనుష్యులు మన గ్రామములు తిరిగి కైఫీయత్తులను, శాసనములను చేతితోనే వ్రాసికొనిరి. మీ యూరి గుడి ముంగిట, చెఱువు గట్టున పడియున్న వ్రాతరాయికి బొమ్మ తీయదలచితిరేని నడిమధ్యాహ్నము పోకుడు, అక్షరములు మాయమైపోవును. ప్రొద్దు పొడిచిన గంటలోపల గాని, క్రుంకుటకు గంట ముందుగాని, వెలుతురు రాతిముఖముమీద ఏటవాలుగా ప్రాకునప్పుడు తీసినచో, ప్రతి గంటుయొక్క నీడయు నిలిచి అక్షరము లేచివచ్చును. సున్నముతోనో పసుపుతోనో అక్షరములను నింపవలదు, రాయి చెడును. కెమెరాను రాతికి సరిగా ఎదురుగా పట్టి, ఒక మీటరు దూరమునుండి తీసి, రాయి ప్రక్కన ఒక కొలబద్దను పెట్టినచో పండితులకును అది పనికివచ్చును.

ఫిలిము నేడు చౌక కాదు. ఊటీలో 1960లో స్థాపింపబడిన హిందూస్థాన్ ఫోటో ఫిలిమ్సు సంస్థ ‘ఇందు’ అను పేర మన దేశపు ఫిలిమును చేసెడిది, అది మూతపడినది. ఇప్పుడు వాడునది చాలవఱకు పరదేశపు సరకు. స్టూడియోలు డిజిటల్ మార్గమునకు మరలినవి గనుక రంగుల చుట్టను కడుగుటకు పెద్దనగరమునకు పంపవలసియుండును. అందుచే కెమెరాకని తీసిన సొమ్ములో సగము మాత్రమే కెమెరాపై పెట్టి, తక్కిన సగమును బాగుచేతకును ఫిలిమునకును దాచుకొనుడు. తెలుపునలుపు ఫిలిమును ఇంటనే కడుగవచ్చును. చీకటిగది కూడ నక్కఱలేదు, చుట్టను డబ్బాలోనికి ఎక్కించువఱకు చేతులు దూర్చు నల్లసంచి చాలును. రసాయనములకు 20 డిగ్రీల నీరు విధి. మన వేసవిలో కుళాయి నీరే చేయి కాల్చును గనుక, ఆ పనిని మార్గశిర పుష్యమాసములకు పెట్టుకొనుట మంచిది, లేదా మంచుముక్కల తొట్టిలో సీసాలను నిలుపవలెను. ఫిలిమును మోటారుసైకిలు పెట్టెలో ఎండకు వదలరాదు. ఫ్రిజ్జులో నుంచినచో, బయటికి తీసిన పిమ్మట ఒక గంటయైనను ఆగి విప్పవలెను. చుట్టను ఎక్కించిన తరువాత మీట లాగినప్పుడెల్ల ఎడమవైపు త్రిప్పుడుబిళ్ల తిరుగుచున్నదా యని చూడుడు. తిరుగకున్నచో ఫిలిము కదలుట లేదు. మీరు తీయుచున్నది గాలిని.

నాయొద్దకు వచ్చిన పెద్ద తెచ్చినది హైమాటిక్ 7 ఎస్. మీటరు సజీవముగానే యుండెను. రేంజిఫైండరు మాత్రము టవరు దగ్గఱ ఒక వెండ్రుకవాసి తప్పినది. దానిని సరిచేయించి, చెవిటి యంత్రపు బాటరీ వేసి యిచ్చితిని. మాఘమాసమున ఆయన కాగితపు సంచితో మరల వచ్చెను. ముప్పదియాఱింటిలో ఐదింట అన్నగారి తలపాగా కోయబడినది, రెండింట మూత తీయలేదు. వసారాలో తీసినది ఒకటి నాకు చూపెను. పంచె మడతలు, చెంపమీది ముడుతలు, చేతికఱ్ఱ పట్టుకొన్న వ్రేళ్ల కణుపులు అన్నియు నిలిచినవి; అన్నగారు ఎవరినో కసరబోవుచున్నట్లు పెదవి కొంచెము విప్పియుండెను. “ఆయన చూచి ఏమనిరి?” అని అడిగితిని. “ఇంత ముసలివానిని ఎవరు తెచ్చి కూర్చుండబెట్టిరని అడిగినాడు” అని నవ్వి, ఆ పెద్ద తువ్వాలు కొనను ముడి విప్పి, రెండవ చుట్టకు డబ్బు లెక్కపెట్టసాగెను. ఈమాఱు తన వదినగారిని తీయవలెనట; ఆమె మాత్రము క్రొత్తచీర వచ్చినగాని కూర్చుండనని భీష్మించియున్నదట.